రాష్ట్రాలు పుట్టినాయి, పార్టీ ఎవరి చేతికి పోయింది?

(కర్నూలు, కడప జిల్లాల పల్లె కార్యకర్తల రాజకీయ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాల్లో పార్టీలు ఎట్ల పెరిగినాయి, ప్రభుత్వాలు ఎట్ల తయారైనాయి అనే విషయం మీద మాట్లాడమని మాకు చెప్పినారు. పేరు వింటే కాలేజీ పాఠం మాదిరి ఉంది. కానీ ఇది మన వాడ విషయమే. ముసలామెకు పింఛను రావాలంటే ముందు ఎవర్ని అడగాల? డి.కె.టి. పట్టా మన పేరున ఉండి, చేను వేరేవాడు దున్నుకుంటా ఉంటే, తాసిల్దారు ఆఫీసుకు పోకముందు ఎవరి అరుగు కాడ నిలబడాల? స్టేషన్‌లో కేసు రాసుకోవాలంటే ఎవరు ఫోన్ చేయాల? చట్టంలో ఆ మనిషి పేరు యాడా లేదు. అయినా ఆయన లేకుండా పని జరగదు. ఆయన్ను ప్రభుత్వానికీ మనకూ మధ్య నిలబెట్టింది పార్టీ. ఆయన అక్కడికి ఎప్పుడు వచ్చినాడు, ఎట్ల వచ్చినాడు, ఆయన్ను దాటిపొయ్యే దారి ఏది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ ప్రసంగం.

ముందుగా ఒక తేడా చూసుకుందాం. ప్రభుత్వం ఐదేండ్లకు మారుతాది. తాసిల్దారు ఆఫీసు, పోలీసు స్టేషను, భూమి రికార్డు, కోర్టు మారవు. అది రాజ్యం. ఓటేసే జనానికీ ఈ రాజ్యానికీ మధ్య ఉండేది పార్టీ. టికెట్టు ఎవరికి, మంత్రి ఎవరు, ఊర్లో కాంట్రాక్టు పని ఎవరికి అనేది పార్టీలో తేలుతాది. మనం ఎప్పుడూ ప్రభుత్వం ఎవరిది అని అడుగుతాం. పార్టీ ఎవరిది అని అడగం. కొత్త రాజ్యం పుట్టే గడియలో పార్టీని ఎవరు పట్టుకోనుంటారో, రాజ్యం వాళ్ల చేతికే పోతాది. మేము చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే. మిగతాదంతా దీనికి రుజువులు.

ఓటు కంటే ముందే పార్టీ

నిజాం మన కడప, బళ్లారి సీమల్ని కుంపిణీకి అప్పజెప్పింది 1800లో. కర్నూలు నవాబు సీమను 1839లో కలుపుకున్నారు. కలెక్టరు మన్రో పాళెగాళ్లను అణిచినాడు, రైతువారీ పద్ధతి పెట్టినాడు. పాళెగాళ్లు పోయినారు గానీ ఊరి మీద పెత్తనం పోలేదు. ఊరి రెడ్డి శిస్తు వసూలు చేసినాడు, కరణం లెక్క రాసినాడు. ఆ ఉద్యోగాలు తండ్రి నుంచి కొడుక్కు పోయినాయి. ఏ చేను ఏ సర్వే నంబరులో ఉందో వాళ్లకే తెలుసు. మన తాతలు వాళ్ల కింద తలార్లు, వెట్టివాళ్లు.

1937లో మద్రాసు రాష్ట్రంలో ఎన్నికలు జరిగినాయి. ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవానికి, ఆస్తి ఉన్నవానికి, చదువు ఉన్నవానికి ఓటు. కూలికి పొయ్యే మాల మాదిగల్లో చాలామందికి ఓటే లేదు. ఆ ఓట్లతో గెలిచిన కాంగ్రెస్ రాజాజీ నాయకత్వాన ప్రభుత్వం పెట్టింది. 1946లో కూడా అదే ఓటు. ఆ 1946 శాసనసభలే రాజ్యాంగ సభకు సభ్యులను ఎన్నుకున్నాయి. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటొచ్చి మనం పెట్టె కాడికి పోయింది 1951-52లో. అప్పటికే పార్టీకి జిల్లా కమిటీ ఉంది, తాలూకా కమిటీ ఉంది, ఊర్లో మనిషి ఉన్నాడు. ఆ మనిషి చాలా ఊర్లలో ఆ రెడ్డే, ఆ కరణమే, కాకుంటే వాళ్ల బంధువే. తెల్లదొర ఉన్నప్పుడు శిస్తు వసూలు చేసిన ఇల్లే, దొర పోయినాక ఓట్లు వసూలు చేసింది. మనం చేరేటప్పటికి బండి కట్టి, తోలేవాడు ఎక్కి కూచున్నాడు. మనకు ఓటిచ్చి, వెనక ఎక్కమన్నారు.

దీన్ని బాబాసాహెబ్ అంబేద్కర్ ముందే చూసినాడు. మన ప్రతినిధిని మనమే ఎన్నుకోవాలని ప్రత్యేక నియోజకవర్గాలు అడిగినాడు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చింది. గాంధీ ఎరవాడ జైలులో నిరాహారదీక్ష పట్టినాడు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది. సీట్లు పెరిగినాయి. దేశం మొత్తం మీద 148, అందులో మద్రాసుకు 30. కానీ గెలిపించే ఓటు ఊరందరి ఓటు అయిపోయింది. మనవాళ్లు మాత్రమే ఓటేసి నలుగురు అభ్యర్థుల్ని ముందుగా ఎంచుకునే ఒక పద్ధతి ఆ ఒప్పందంలో ఉండింది. 1950 రాజ్యాంగం నాటికి అదీ లేదు. సీటు మనది, టికెట్టు పార్టీది, ఓటు అందరిది. అట్లాంటప్పుడు గెలిచినవాడు ఎవరికి భయపడతాడు? వాడకా, టికెట్టు ఇచ్చినవానికా?

ఇంకొక ముచ్చట వినండి. 1952లో, 1957లో కొన్ని చోట్ల ఒక నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒక సీటు రిజర్వుడు, ఒకటి జనరల్. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో రెండు సీట్లూ గిరిజనులే గెలిచినారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి అక్కడ ఓడిపోయినాడు. కోర్టుకు పోయినాడు. రిజర్వుడు అభ్యర్థికి ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ సీటు కూడా ఆయనదేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో ఇద్దరు సభ్యుల పద్ధతినే చట్టం చేసి ఎత్తేసినారు. మన మనిషి రిజర్వుడు గీత దాటి జనరల్ సీటులో కూచునే దారి ఒకటి అట్ల మూసుకపోయింది.

బయటి దేశాల్లో ఏం జరిగింది?

ఇది మన ఒక్క దేశం కథ కాదు. అంబేద్కర్ రాజ్యాంగ సభకు మొదట ఎన్నికైంది బెంగాల్ నుంచి. దానికోసం కష్టపడినవాడు జోగేంద్రనాథ్ మండల్, ఆ రాష్ట్రం దళిత నాయకుడు. దేశం చీలినప్పుడు మండల్ పాకిస్తాన్ వైపు నిలబడినాడు. ఆ దేశానికి మొదటి న్యాయశాఖ మంత్రి అయినాడు. తూర్పు బెంగాల్‌లో తనవాళ్ల మీద దాడులు జరిగితే ఆపలేకపోయినాడు. 1950 అక్టోబరులో రాజీనామా చేసి కలకత్తా వచ్చేసినాడు. మరుసటేడు 1951లో ఇక్కడ అంబేద్కర్ కూడా న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా ఇచ్చినాడు. రెండు కొత్త దేశాలు, ఇద్దరు మొదటి న్యాయమంత్రులు, ఇద్దరూ దళితులే. ఇద్దరికీ మంత్రి కుర్చీ ఇచ్చినారు, పార్టీ మీద పట్టు మాత్రం ఇవ్వలేదు.

పాకిస్తాన్‌లో 1958లో సైన్యం వచ్చింది. వయోజన ఓటుతో మొదటి సార్వత్రిక ఎన్నిక 1970లో గానీ జరగలేదు. సిలోన్‌కు 1948లో స్వాతంత్ర్యం వచ్చింది. అదే సంవత్సరం పౌరసత్వ చట్టం చేసి, తేయాకు తోటల్లో రెక్కలు ముక్కలు చేసుకున్న తమిళ కూలీల్లో లక్షలమందిని ఏ దేశానికీ చెందనివాళ్లను చేసినారు. వాళ్లలో అణగారిన కులాల వాళ్లు చాలామంది. బర్మాలో 1962లో సైన్యం అధికారం తీసుకుంది. రంగూన్‌లో బతుకుతున్న తెలుగోళ్లు వేలమంది కట్టుబట్టలతో తిరిగొచ్చినారు. ఆఫ్రికాలో ఘానాకు 1957లో స్వాతంత్ర్యం తెచ్చిన ఎంక్రూమా పార్టీ, 1964 నాటికి దేశంలో తానొక్కటే పార్టీ అని చట్టం చేసుకుంది. 1966లో సైన్యం ఆయన్ను దించేసింది.

స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీ, దేశమంటే నేనే అనుకోవడం మొదలుపెడితే జరిగేది ఇదే. మన దేశంలో అంతదూరం పోలేదు. ఎమర్జెన్సీ 21 నెలలు తప్పిస్తే ఓటు నిలబడింది. అది చిన్న సంగతి కాదు. ఆ ఓటును రాజ్యాంగంలో రాసిపెట్టడం అంబేద్కర్ పోరాడిన పని. అయితే పైన ఓటు నిలబడినా, కింద ఊర్లో ఒకే అరుగు నిలబడింది. ఢిల్లీలో పది పార్టీలు ఉండొచ్చు, మన ఊరికి ఒక్క పెత్తందారే. ఆయన ఏ పార్టీలో ఉంటే అదే ఊరి పార్టీ.

గుడారాల రాజధాని

ఇప్పుడు మన గడ్డ కాడికి వద్దాం. 1917లోనే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్లు సభ పెట్టుకుని, మేము ఆది ఆంధ్రులం, ఈ గడ్డకు మొదటివాళ్లం అని చెప్పుకున్నారు. తర్వాత 20 ఏండ్లకు, 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒప్పందం జరిగింది. కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూచుని కృష్ణా, తుంగభద్ర నీళ్ల గురించి, సీట్ల గురించి, రాజధాని, హైకోర్టు గురించి రాసుకున్నారు. సీమకు నీళ్లు కావాల, అందులో తగాదా లేదు. కానీ నీళ్లు పారే భూమి ఎవరిది అనే ప్రశ్న ఆ కాగితంలో లేదు. భూమి లేని కూలి గురించి లేదు, అంటరానితనం గురించి లేదు. రెండు ప్రాంతాల పెద్దలు పంచుకున్నారు. మొదటివాళ్లమని చెప్పుకున్న మనం ఆ పంపకంలో లేము.

1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. నెహ్రూ వచ్చినాడు. ఆఫీసులు గుడారాల్లో పెట్టినారు. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ప్రకాశం అప్పటికి కాంగ్రెస్ వదిలిపెట్టి వేరే పార్టీలో ఉన్నాయన. అయినా కాంగ్రెసే ఆయన్ను ముఖ్యమంత్రిని చేసింది. పెద్దల మధ్య పార్టీ గోడ ఎంత పల్చనో దీన్ని బట్టి చూడండి.

ఆ రాష్ట్రం పుట్టకముందే, 1953 సెప్టెంబరు 2న, రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద అంబేద్కర్ మాట్లాడినాడు. చిన్న సంఖ్యలో ఉన్నవాళ్లను కాపాడటానికి గవర్నరుకు అధికారం ఉండాలని అడిగినాడు. రాజ్యాంగాన్ని కాల్చే మొదటివాణ్ణి నేనే అవుతానని కోపంతో అన్నది ఆ రోజే. ఆ మాటను ఇప్పుడు చాలామంది చాలా రకాలుగా వాడుకుంటారు. అది మన ఆంధ్ర గురించిన చర్చలో పుట్టిన మాట అని మాత్రం చెప్పరు. 1955లో భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఇంకా విడమరిచి చెప్పినాడు. ఆంధ్రలో భూమి, ఉద్యోగం, వ్యాపారం రెండు మూడు పెద్ద కులాల చేతిలోనే ఉన్నాయని, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతుకుతున్నారని, భాషా రాష్ట్రం వస్తే ఆ పెత్తనం గట్టిపడుతాదని హెచ్చరించినాడు.

జరిగింది అదే. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలుస్తారేమోనని భయం పుట్టింది. అంతవరకు ఒకర్నొకరు తిట్టుకున్న కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటైనాయి. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చినా, 196 సీట్లలో 15 మాత్రమే దక్కినాయి. భూమి పంచుతామనే మాట వినబడితే చాలు, పెద్దల తగాదాలు రాత్రికి రాత్రి మాయమవుతాయి. మన మాల మాదిగల తగాదాలు మాత్రం ఎన్నికల ముందర పెద్దవవుతాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచించండి.

సంజీవయ్య నేర్పే పాఠం

కర్నూలు పక్కన పెద్దపాడులో 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య మన అందరికీ గౌరవం. మంత్రిగా పనిచేసినాడు. 1960 జనవరిలో, 39 ఏండ్లు నిండకముందే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినాడు. సంజీవరెడ్డి కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా పోవడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది. పెద్ద వర్గాల మధ్య తగాదా నడుస్తున్న రోజులవి. రెండేండ్లే ఉన్నాడు. ముసలివాళ్లకు పింఛను మొదలైంది ఆయన కాలంలోనే. 1962 ఎన్నికలు అయినాక సంజీవరెడ్డి తిరిగొచ్చి ముఖ్యమంత్రి అయినాడు. సంజీవయ్యను కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుణ్ణి చేసినారు. ఆ పదవి ఎక్కిన మొదటి దళితుడు ఆయనే.

పైకి చూస్తే పెద్ద పదవి. కానీ కింద జిల్లా కమిటీలు ఎవరివి? సమితులు ఎవరివి? 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. సమితి ప్రెసిడెంటు, జిల్లా పరిషత్ చైర్మన్ అనే కొత్త గద్దెలు పుట్టినాయి. వాటి మీద కూచున్నది చాలా చోట్ల ఆ పాత ఇండ్లవాళ్లే. సంజీవయ్యకు తెలివి ఉండింది, నిజాయితీ ఉండింది. ఆయన వెనక నిలబడే వాడల కమిటీలు లేవు. అందుకే ఆయన్ను కూచోబెట్టినవాళ్లే లేపగలిగినారు. ఆయన తర్వాత 60 ఏండ్లు దాటిపోయినా ఇంకొక దళిత ముఖ్యమంత్రి రాలేదు. 2014లో రాష్ట్రం మళ్లీ రెండు అయింది. తెలంగాణ వస్తే దళితుడే ముఖ్యమంత్రి అనే మాట ఉద్యమం రోజుల్లో గట్టిగా వినబడింది. రాష్ట్రం వచ్చినాక ఆ మాట నిలబడలేదు. మన సీమ నుంచి సంజీవరెడ్డి, విజయభాస్కరరెడ్డి, రాజశేఖరరెడ్డి, జగన్మోహన్‌రెడ్డి ముఖ్యమంత్రులైనారు, చిత్తూరు జిల్లా నుంచి చంద్రబాబు అయినాడు. సీమకు ముఖ్యమంత్రి కొదవ లేదు. మన వాడకే కొదవ.

జెండాలు మారినాయి

మంచి చట్టాలు రాలేదని మేము అనడంలేదు. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. 1977లో అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. 1983లో తెలుగుదేశం గెలిచింది. 1984లో రెడ్డి, కరణం ఉద్యోగాలు రద్దు చేసింది. మండలాలు పెట్టింది. పాత తాళం పగిలిన మాట నిజమే. కానీ తాళం పోయినాక ఇంట్లోకి ఎవరు పోయినారు? ఊర్లో ఒక వర్గం పాత పార్టీలో ఉంటే, దానికి ఎదురు వర్గం కొత్త పార్టీలో చేరింది. ఫ్యాక్షన్‌కు రెండు జెండాలు దొరికినాయి. మన వాడ కూడా రెండుగా చీలింది. నాటుబాంబు మోసేది మన పిల్లోడు, జైలుకు పొయ్యేది మన పిల్లోడు, రాజీ కుదిరినాక ఒకే పంక్తిలో కూచుని తినేది పెద్దలు.

సొంత పార్టీ పెడితే సరిపోతాదా? 1994లో బహుజన సమాజ్ పార్టీ మన రాష్ట్రంలో పెద్ద ఆశతో పోటీ చేసింది. ఒక్క సీటూ రాలేదు. ఆశ తప్పు కాదు. పైన జెండా కట్టి, కింద వాడలో కమిటీ లేకుంటే పెట్టె కాడ ఓటు నిలబడదు.

ఇప్పుడు చేయాల్సిన పని

సర్పంచి పదవిలో, వార్డుల్లో మనకు చట్టం ప్రకారం వాటా వచ్చింది. పాత కర్నూలు జిల్లాలో కోడుమూరు, నందికొట్కూరు, పాత కడప జిల్లాలో బద్వేలు, రైల్వే కోడూరు అసెంబ్లీ స్థానాలు మనకు రిజర్వుడు. అయినా రిజర్వుడు ఊర్లో చెక్కు పుస్తకం ఎవరి ఇంట్లో ఉంటాందో మీకు తెలుసు. దీన్ని ఆపే పని కింది నుంచే మొదలు కావాల.

ఒకటి, ఏకగ్రీవం. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు. అయినా ముందురోజు రాత్రి అరుగు మీద పార్టీ పెద్దలే తేల్చేస్తారు. 2021లో ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించినారు. ఊరు బాగుపడుతాదని ఆశ చూపిస్తారు. మన ఓటును గంపగుత్తగా అమ్మే బేరం అది. వాడలో అందరూ కూచుని ఒప్పుకుంటే అది ఏకగ్రీవం. ఇద్దరు పెద్దలు ఒప్పుకుంటే అది వేలంపాట. రిజర్వుడు సీటులో మన మనిషిని వాడే ఎంచాల. పూనా ఒప్పందంలో ఉండి తర్వాత పోయిన ఆ ముందు ఎంపికను, చట్టం ఇవ్వకపోయినా మన వాడలో మనమే జరుపుకోవచ్చు. ఎవరూ ఆపలేరు.

రెండు, భయం. నామినేషన్ వేస్తే కూలికి పిలవరు, దారి ఆపుతారు అంటారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మన మనిషిని నామినేషన్ వేయనీకుండా బెదిరించినా, వేసింది వెనక్కి తీయించినా, ఓటేయనీయకపోయినా, గెలిచిన సర్పంచిని పని చేయనీకుండా అడ్డుపడినా, సాంఘిక బహిష్కారం పెట్టినా నేరమే. చట్టం తనంతట తాను నడిచి రాదు. ఫిర్యాదు కాగితం రాసేవాళ్లు ప్రతి వాడలో ఇద్దరు తయారుగా ఉండాల.

మూడు, గ్రామసభ. ఏడాదికి కనీసం రెండుసార్లు జరపాలని చట్టం. కాగితం మీద జరుగుతాది, సంతకాలు ఇండ్ల కాడ తీసుకుంటారు. జరగని సభకు సంతకం పెట్టొద్దు. జరిగిన సభలో మన వాడకు ఎంత ఖర్చు పెట్టినారో లెక్క అడగండి. నోటితో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద కాగితంతో అడగండి.

నాలుగు, పార్టీ. మీలో కొందరు ఈ పార్టీలో ఉన్నారు, కొందరు ఆ పార్టీలో ఉన్నారు. ఇప్పటికిప్పుడు జెండాలు పారేయమని మేము చెప్పడంలేదు. ఒక్క షరతు పెట్టుకుందాం. ముందు వాడ కమిటీ, తర్వాత పార్టీ. వాడ కమిటీలో మాలలు, మాదిగలు, ఆడవాళ్లు సమానంగా కూచోవాల. పార్టీ మీటింగుకు జనాన్ని తోలే మేస్త్రీలుగా పోవొద్దు. మండల కమిటీలో చోటు, టికెట్టు ఇచ్చే కాడ మాట, ఈ రెండూ అడగండి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వరో వాడలో నిలబడి చెప్పమని అడగండి. ఒక్కడు అడిగితే బయటికి పంపిస్తారు. రెండు పార్టీల్లో ఉన్న మనవాళ్లు ఒకే రోజు అడిగితే రెండు అరుగులూ కదులుతాయి.

1947లో, 1953లో, 1956లో, 2014లో నాలుగుసార్లు కొత్త పాలన పుట్టింది. నాలుగుసార్లూ మనం జెండా వందనానికి పోయి చప్పట్లు కొట్టినాం, పార్టీ ఇంకొకరి చేతిలో ఉండింది. ఐదోసారి ఎప్పుడు వస్తాదో అని కాచుకోనక్కర్లేదు. ప్రతి పంచాయతీ ఎన్నికా ఒక చిన్న ప్రభుత్వం పుట్టే రోజే. వచ్చే తరగతికి వచ్చేటప్పుడు మీ పంచాయతీలో ఎన్ని వార్డులు, అందులో మన ఇండ్లు ఎన్ని, ఓట్లు ఎన్ని, పోయిన ఎన్నికలో ఏకగ్రీవం చేసింది ఎవరు, ప్రోత్సాహకం డబ్బు వచ్చిందా, వస్తే దేనికి ఖర్చయింది, ఈ లెక్క రాసుకొని రండి. మిగతా మాట ఆ కాగితాలు ముందు పెట్టుకొని మాట్లాడుకుందాం.

జై భీమ్!